ఆంటీ లేవకుండా పాడాల్సిన పాట

తార్నాకలో మధ్యాహ్నం భోజనాలయ్యాక వేదవతి ఆంటీ నిద్రపోతుంది. ఆ సమయంలో మెట్రో రైళ్లు కూడా మా వీధి దగ్గరకొచ్చేసరికి మునివేళ్ల మీద నడుస్తాయి. కుక్కలకు మొరగాలనిపిస్తే హబ్సిగూడ దాకా వెళ్లి, మొరిగి, తిరిగొస్తాయి.

ఆంటీ ఇంటి పైగదిలో మా బ్యాండు పుట్టింది. గది ఆత్రేయ అద్దెకుంటున్నది, గిటారూ వాడిదే. పాట రాసిందీ పాడేదీ సుప్రజ. కర్నూలు పిల్ల, ఆర్ట్స్ కాలేజీలో ఎమ్మే. నేను పరశురాంని, బిస్కెట్ డబ్బా వాయిస్తాను. బ్యాండుకు పేరు లేదు. పేరు దగ్గర కొట్టుకుంటే పాట మిగలదని వాయిదా వేశాం.

మాకు క్లాసులు ఎగ్గొట్టడం కుదిరేది మధ్యాహ్నాలే. ఆంటీ మంచం సరిగ్గా మా కిందే. అందుకని సుప్రజ రజాయి కప్పుకుని, ఫోన్లో రికార్డింగు పెట్టుకుని పాడింది. నేను డబ్బా మీద లుంగీ పరిచి రెండు వేళ్లతో తట్టాను.

“ఎర్రలైటు ఎంతసేపో అంతసేపే మనది
పచ్చలైటు పడ్డదంటే ఎవరి దారి వారిది…”

ఆ డెమో క్యాంపస్ అంతా పాకింది. లైబ్రరీలో జనం ఒకసారి విని చదువుకుందామనుకుని, చదువు మానేశారు. నన్ను రోజూ ఏడిపించే సీనియరు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని తనే ఏడ్చాడు. ఇది మాత్రం కోతలు కోయకుండా చెబుతున్నా: ఆ గొంతు వింటుంటే ఎవరో పక్కన కూర్చుని మనకొక్కరికే చెబుతున్నట్టుండేది.

రత్నాకర్ అన్నకు హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్ కింద, సెల్లార్లో స్టూడియో ఉంది. డెమో విని ఒక ఆదివారం మాకిచ్చాడు.

“గీడ నువ్వెంత ఒర్లినా బయటికి వినబడది. దిల్ ఖోల్‌కే పాడు పాపా,” అన్నాడు.

సుప్రజ దిల్ ఖోల్‌కే పాడింది. అన్న డ్రమ్ములు కలిపాడు, కీబోర్డు కలిపాడు, కోరస్ కలిపాడు. పాట, పెళ్లికి బిగుతు కోటు తొడిగిన పిల్లాడిలా చేతులు వంచలేక నిలబడిపోయింది.

“గొంతుల తాకత్ ఉన్నది గానీ ఫీల్ వస్తలేదు,” అన్నాడు అన్న. “పొద్దుగూకే దాంక చూస్త. లేకుంటే నాకు తెల్సిన సింగర్ ఒకామె ఉన్నది, ఆమెతోని పాడిపిస్త.”

సుప్రజ ముఖం పాలిపోయింది. “నేను రాసిన పాట ఇంగొకరు పాడితే నేనేం చేయాలప్పా? చప్పట్లు కొట్టాల్నా?”

“మేజిక్ రజాయిల్నే ఉన్నది రా,” అని ఆత్రేయ బండేసుకుని తార్నాక వెళ్లి రజాయి తెచ్చాడు. సుప్రజ దాని కింద మళ్లీ పాడింది. ఇడ్లీలా ఉడికి బయటికొచ్చింది. పాట రాలేదు.

నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని డెమో మళ్లీ విన్నాను. రెండో చరణం ముందు కింద మంచం కిర్రుమన్న చప్పుడు. ఆంటీ అటు తిరిగి పడుకుంది. సుప్రజ ఊపిరి బిగబట్టి, ఆమె సర్దుకున్నాక, ఇంకా మెల్లగా ఎత్తుకుంది. అందరూ ఏడ్చేది సరిగ్గా ఆ చోటే. సుప్రజ పాడింది ఫోను కోసం అనుకున్నాం ఇన్నాళ్లూ. పడుకున్న మనిషి నిద్ర చెడకుండా పాడింది.

బండి తీసి తార్నాక వెళ్లాను. ఆంటీ అప్పుడే భోంచేసి చెయ్యి కడుక్కుంటోంది.

“ఆంటీ, హబ్సిగూడలో ఒక ఏసీ గదుంది. బయటి చప్పుడు చీమంత కూడా రాదు. మీ నిద్ర కోసమే కట్టినట్టుంది.”

“నిజంగానట్రా? ఈ మెట్రో వచ్చిందగ్గర్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదనుకో. తలగడ తెచ్చుకోనా, అక్కడుందా?”

తలగడతో సహా దింపాను. నేనొక్క అబద్ధం కూడా చెప్పలేదని గమనించాలి.

“ఏందిరా ఇది? స్టూడియోనా, దవాఖానానా?” అన్నాడు అన్న.

“రిథమ్ సెక్షన్ అన్నా,” అన్నాను.

పాడే గదిలోని సోఫాలో ఆంటీ వాలింది. మైకు ముందున్న సుప్రజ నన్ను కళ్లతోనే చంపింది. తిట్టడానికి నోరు తెరిచేలోగా ఆంటీ నిద్రపోయింది. సుప్రజ నోరు మూసుకుంది. బిగుసుకున్న భుజాలు జారాయి. అలవాటు కొద్దీ చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

అప్పుడు పాడింది.

అద్దం అవతల అన్న డ్రమ్ములు ఆపేశాడు. తర్వాత కీబోర్డు, తర్వాత కోరస్. చివరికి గిటారు, లుంగీ కప్పిన నా డబ్బా, ఆమె గొంతు మిగిలాయి. రెండో చరణం ముందు ఆంటీ చిన్న గురక పెట్టింది. సుప్రజ ఆగింది. గురక సర్దుకున్నాక, దాని పక్కన దుప్పటి సర్దినంత మెత్తగా ఎత్తుకుంది. తాళం తప్పలేదు, నా జీవితంలో అదొక్కసారే.

“ఆ సింగర్‌కి ఫోన్ చేయమంటవా అన్నా?” అన్నాడు ఆత్రేయ.

“ఏ సింగర్‌రా?” అన్నాడు అన్న, కళ్లజోడు తుడుచుకుంటూ. తర్వాత స్పీకర్లో విని తల గోక్కున్నాడు. “గురక తీసేస్తే పాప ఊపిరి గూడ పోతున్నది.”

“ఉండనీ అన్నా,” అంది సుప్రజ. “ఆయమ్మ లేకుంటే ఈ పాటే లేదు.”

పాట పూర్తయ్యాక మొదట ఆంటీకే వినిపించాం, ఆవిడ హాల్లో, భోజనమయ్యాక. కళ్లు మూసుకుని ఆఖరిదాకా వింది. కొంగుతో కళ్లొత్తుకుంది.

“పిల్ల గొంతు వెన్నపూసేరా అబ్బాయ్. కానీ ఆ వెనకాల గుర్రు పెట్టేదెవర్రా? ఇంత చక్కగా పాడుతుంటే నిద్రెలా పడుతుందో మనుషులకి! సరే, ఇక పైకి పొండి. నేను కాసేపు నడుం వాల్చాలి.”

మేం చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ల మీద మేడెక్కాం.