మట్టి లేసు

పాలలా పలచగా కలిపిన తెల్లమట్టిలో లేసు ముక్కను ముంచి, వేళ్ల సందున మెల్లగా జారవిడిచి, బీబీజాన్ గిన్నె అంచు చుట్టూ పరుస్తోంది. ఒక్క మడత పడినా ఆ గిన్నె పారేయవలసిందే. తెల్లవారకముందే లేచి మేడమ్ ఇంటెడు పని ముగించుకుని ఇక్కడ కూర్చుంది. నడుము తిమ్మిరెక్కి తన నడుములా లేదు. ఫ్యాను వేయడానికి లేదు. గాలి తగిలితే మట్టి ఒకవైపే ఆరి లేసు పగులుతుందని మేడమ్ ఫ్యాను వైరు తీసేయించింది.

కరెంటు బట్టీలో కాలినప్పుడు నూలంతా బూడిదైపోతుంది. దాని అల్లిక మాత్రం మట్టిలో నిలిచిపోతుంది. గోడవారగా అరల నిండా అవే ఉన్నాయి: దానిమ్మ ఆకుల ఈనెలు అచ్చుపడిన పళ్లేలు, సముద్రపు పగడాల్లా కొమ్మలు విరిసిన దీపపు కుందులు, తాకితే చిరిగిపోతాయేమో అనిపించే లేసు గిన్నెలు. జిద్దా పాతబస్తీ బలద్‌లోని దుకాణంలో అలాంటి గిన్నె ఒకటి అమ్ముడుపోతే వచ్చేది సదానందం మూడు నెలల జీతం.

సదానందం ఎదురుమూల కూర్చుని, ఒకసారి కాలిన పళ్లేలను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుతున్నాడు. అతనిది కోరుట్ల దగ్గర పల్లె. తోటమాలి వీసా మీద జిద్దాకు వచ్చాడు. వచ్చిన కొత్తలో తోటకు నీళ్లు పెట్టిన మాట నిజమే. తర్వాత మేడమ్ అబీర్ కార్ల షెడ్డును కార్ఖానాగా మార్చింది. అప్పటినుంచి బట్టీ పనీ రుద్దుడు పనీ అతనివే. జుట్టు మీద, కనుబొమల మీద, మెడ ముడతల్లో ఎప్పుడూ తెల్లదుమ్ము ఉండేది. నలభై అయిదేళ్ల మనిషి డెబ్బై ఏళ్లవాడిలా కనిపించేవాడు.

మేడమ్ గట్టిగా అరిచే మనిషి కాదు. పండక్కి ఇద్దరికీ కొత్తబట్టలు పెట్టేది. మీరు నా కుటుంబం అనేది. గడువు తీరింది, ఇంటికి పంపమని బీబీజాన్ అడిగినప్పుడల్లా, కుటుంబాన్ని వదిలి ఎక్కడికి పోతావని నవ్వి, రియాద్ ప్రదర్శన అయ్యాక చూద్దామనేది. ఆ ప్రదర్శన ఇప్పటికి రెండుసార్లు అయింది.

ఆ రోజు మధ్యాహ్నం సదానందానికి దగ్గు తెర వచ్చింది. అది కొత్త కాదు. కానీ ఈసారి మొహం తిప్పుకునే వ్యవధి కూడా లేకపోయింది. ఒళ్లోని పెద్ద తెల్లటి పళ్లెం మీద నెత్తురు చుక్క పడింది. అతను గబగబా చొక్కా చేత్తో ముందు పళ్లెం తుడిచాడు. తర్వాత నోరు తుడుచుకున్నాడు.

బీబీజాన్ లేచి ఇంట్లోకి పరుగెత్తింది. వంటింట్లో నేర్చిన అరబ్బీలో, సదానందానికి జబ్బుగా ఉంది, ఆస్పత్రికి పంపమని బతిమాలింది. మేడమ్ గుమ్మం దాకా వచ్చి చూసి, మతీన్‌ను పిలిచింది. మతీన్ హైదరాబాద్ మనిషి. లెక్కలు చూస్తాడు, కారు నడుపుతాడు, అవసరమైనప్పుడు మేడమ్ మాటను తెలుగులోకి మారుస్తాడు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి తగ్గుస్వరంతో చాలాసేపు మాట్లాడుకున్నారు. బీబీజాన్‌కు సగమే అర్థమైంది. ఆస్పత్రిలో ఛాతీ ఫొటో తీస్తారు, తోటమాలి ఊపిరితిత్తుల్లోకి మట్టి ఎలా వచ్చిందని అడుగుతారు. వాళ్ల భయం అదీ.

సాయంత్రం మతీన్ అతన్ని కారెక్కించాడు. సదానందం తలుపు పట్టుకుని కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"మల్లొస్త చెల్లె. ఆ పెద్ద పళ్లెం నువ్వు రుద్దకు. ఆ దుమ్ము నీకొద్దు."

అతను మళ్లీ రాలేదు. మర్నాడు అతని పరుపు చెత్తకుండీ పక్కన కనిపించింది. గదికి కొత్త తాళం పడింది. పారిపోయాడు, ఇన్నేళ్లు తిండి పెట్టినందుకు ఇదీ ఫలితమని మేడమ్ నొచ్చుకుంది. పెద్ద పళ్లెమూ ఉప్పుకాగితమూ బీబీజాన్ ముందుకు వచ్చాయి. మతీన్‌ను అడిగితే, కారు అద్దం తుడుస్తూ తల ఎత్తలేదు.

రెండు నెలలు కావస్తుండగా, సదానందం ఇచ్చిన నంబరుకు అంజన్న ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాడు. అంజన్నది సదానందం ఊరే, జిద్దాలోనే ఏసీలు బాగుచేస్తాడు. మతీన్ ఆస్పత్రికి పోలేదు. బలద్‌లో తెలుగువాళ్లుండే పాత లాడ్జీ ముందు సదానందాన్ని దింపి, చేతిలో కొంత డబ్బు పెట్టి, ఇక రావద్దని చెప్పి వెళ్లిపోయాడు. అంజన్నే అతన్ని ఆస్పత్రిలో చేర్చాడు. అక్కడ అతని నివాస కార్డు, ఇకామా నంబరు కొడితే హురూబ్ అని వచ్చింది. అంటే వీసా ఇచ్చిన యజమాని కఫీల్ దగ్గర నుంచి పారిపోయినవాడని మేడమ్ అప్పటికే రాయించేసింది. డాక్టర్లు చేయగలిగింది చేశారు. అప్పటికే ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. సదానందం చనిపోయాడు.

శవం మార్చురీలో ఉంది. ఇంటికి పోవాలంటే కఫీల్ సంతకం కావాలి. అతను రెండు నెలల కిందటే పారిపోయాడు, ఆ తర్వాత ఎక్కడ పని చేశాడో, ఏ రోగం తెచ్చుకున్నాడో నాకు తెలియదని మేడమ్ అంటోంది. అంజన్న లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేశాడు. మేడమ్ తన సాక్షిగా బీబీజాన్ పేరు ఇచ్చింది.

విచారణకు ముందురోజు కోరుట్ల నుంచి ఫోన్ వచ్చింది. సదానందం భార్య ముత్యవ్వ. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయినట్టుంది.

"పారిపోయిండంటున్నరట గద చెల్లె. ఊపిరే సాలనోడు యాడికి ఉరుకుతడు? మొకం ఒక్కసారి సూస్కోనియ్యమను. ఇంకేం అడుగ."

ఫోన్ పెట్టేశాక బీబీజాన్ పొయ్యి మీది అన్నం మాడిన వాసన వచ్చేదాకా అలాగే నిలబడిపోయింది.

కారులో మతీన్ ఆమెకు పాఠం చెప్పాడు. ఎగ్జిట్ కాగితం తయారైంది, టికెట్ కూడా మేడమే కొంటుంది, వారం తిరగకముందే రాయచోటిలో ఉండొచ్చు. ఆఫీసర్ అడిగినదానికి అవునని, అయివా అంటే చాలు, మిగతాది తను చూసుకుంటాడు.

రాయచోటి బీబీజాన్ సొంతూరు. కూతురు మెహజబీన్‌ను చెల్లెలు ఖాలిదా చేతిలో పెట్టి వచ్చేటప్పటికి దానికి మాటలు సరిగా రావు. ఇప్పుడు బడికి పోతోంది. ఖాలిదాను అమ్మా అంటుంది. తనను సౌదీ అమ్మ అనేది. ఈ మధ్య పిలిచినా ఫోన్ దగ్గరికి రావడం లేదు. ఒక్క మాట. అయివా. ఎట్లాగూ చచ్చిపోయిన మనిషి. ఆమె ఆ మాటను నోట్లోనే ఒకసారి అనుకుని చూసింది.

"ఆ మనిషిని లాడ్జీ కాడ దింపింది నువ్వే గదా అన్నా?" అంది.

మతీన్ గేరు మార్చాడు. "నా ఇకామా గూడ ఆమె చేతిలనే ఉంది బీబీజాన్. పిల్లలు ఈడనే సదువుతున్నరు. నన్నేం జెయ్యమంటవ్?"

లేబర్ ఆఫీసు గదిలో అంజన్న టోపీ చేత్తో పట్టుకుని గోడవారగా నిలబడి ఉన్నాడు. పని మానుకుని వచ్చాడు, ప్యాంటు మీద నూనె మరకలు. మేడమ్ రాలేదు. ఆమె తరఫున మతీనే. కుర్రవయసు ఆఫీసర్ కంప్యూటర్‌లో చూసి ఏదో అడిగాడు. మతీన్ ఆమె వైపు వంగాడు.

"సదానందం రెండు నెలల కింద పారిపోయిండా అని అడుగుతుండు. అయివా అను."

అంజన్న ఆమె మొహం వైపు చూడటానికి కూడా భయపడి నేల చూస్తున్నాడు.

"లా," అంది బీబీజాన్. కాదు అని.

మతీన్ ఉలిక్కిపడి, ఆమెకు ప్రశ్న అర్థం కాలేదని అరబ్బీలో గబగబా అందుకున్నాడు. బీబీజాన్ కుర్చీలోంచి లేచింది. వంటింట్లో, బజారులో ఏరుకున్న ముక్కలన్నీ కూడగట్టుకుంది.

"మా హరబ్. సదానందం మరీద్. మతీన్ సయ్యారా."

పారిపోలేదు. జబ్బు మనిషి. మతీన్, కారు. ఆమెకు వచ్చిన అరబ్బీ అంతే. ఆఫీసర్ చేయెత్తి మతీన్‌ను ఆపి, ఆమెను నేరుగా మరో ప్రశ్న అడిగాడు. ఆమెకు అర్థం కాలేదు. మతీన్ చెప్పబోయాడు.

"నువ్వు చెప్పొద్దు అన్నా," అంది. తర్వాత అంజన్న వైపు తిరిగింది. "తెలుగు తెలిసినోళ్లని వేరే ఎవురినన్నా పిలిపియ్యమని చెప్పు. ఈయన నోటితో నేను మాట్లాడను. అన్నీ చెప్తా. మట్టి కాడి నుంచి చెప్తా."

అంజన్న హిందీ అరబ్బీ కలిపి ఆ మాట చేరవేశాడు. ఆఫీసర్ విని, వేరే దుబాసీని పిలిపిస్తాం, ఆదివారం రమ్మన్నాడు. అప్పటిదాకా కఫీల్ ఇంట్లోనే ఉండాలన్నాడు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మతీన్ కారు స్టార్టు చేసి వెనక తలుపు తెరిచి ఉంచాడు. చేతిలో ఫోన్ మోగుతోంది. మేడమ్. ఎత్తకుండా దాన్ని బీబీజాన్ వైపు చాచాడు. ఆమె తీసుకోలేదు.

అంజన్న దగ్గరికి వచ్చాడు. తను ఉండేది ఎనిమిది మంది మగవాళ్ల గది, అక్కడికి ఆడమనిషిని తీసుకుపోతే ఇద్దరినీ పట్టుకుంటారని నసిగాడు. ఎంబసీవాళ్లకు ఫోన్ చేస్తున్నాడట, ఎవరూ ఎత్తడం లేదట.

"ఏం జేద్దమక్కా?"

"తెల్దు. ఆ బండి మాత్రం ఎక్కను."

ఆమె గోడ నీడలో నేల మీద కూలబడింది. ఇప్పుడు ఈ కారు ఎక్కకపోతే సాయంత్రానికి తన పేరు పక్కన కూడా హురూబ్ అని పడుతుందని ఆమెకు తెలుసు. రాయచోటి ఎన్నేళ్ల దూరం జరిగిపోయిందో తెలియదు. బురఖా అంచుతో మొహం తుడుచుకుంది.

ఆఫీసు వేళ ముగిసింది. ఉద్యోగులు ఒక్కొక్కరే కార్లెక్కి వెళ్లిపోయారు. మతీన్ కారు అక్కడే ఉంది, తలుపు ఇంకా తెరిచే ఉంది. కాపలావాడు వచ్చి షట్టరు సగం దించి, ఈ ఆడమనిషి లేస్తుందేమోనని చూస్తూ ఆగాడు.