జాలీ అంచులు

2006 వానాకాలానికి మున్వర్ బూర్గంపాడులోని సైకిల్ దుకాణం మూసేసి, పెరటి వంగతోట పనిలో పడ్డాడు. షుగర్ వల్ల అతని కాళ్లకూ చేతులకూ స్పర్శ తగ్గింది. కిందటేడు కాలి వేలొకటి తీసేశారు కూడా.

పందికొక్కులు మొక్కల్ని కొరికేస్తున్నాయని, ఒక పొద్దున పాత కోళ్లగూటి తుప్పుపట్టిన ఇనుపతీగ జాలీ కత్తిరించి మొక్కమొక్కకూ బుట్టలా చుడుతున్నాడు. భార్య సకీనా చాయ్ తెచ్చింది. వంగాకుల మీద ఎర్రటి చుక్కలు కనిపించాయి.

"ఏమండీ, గీ రక్తం ఏంది?"

"రక్తమా? ఏడుంది?" అతను తలెత్తలేదు.

"చేతులు చూపియ్యిండ్రి."

నవ్వుతూ చాపాడు. కుడి అరచేయి బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా చీలి ఉంది. అప్పుడు చూసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది.

"నొప్పి లేదు సకీనా."

ఆ మాట వినగానే ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. కొంగు చింపి కట్టి, ఆటో ఎక్కించింది. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి కట్టు తడిసి ఆమె ఒళ్లోకి కారుతోంది.

"జల్దీ పోనియ్యి తమ్మీ!"

"చెయ్యి గూడ తీసేస్తరా?" మున్వర్ మెల్లగా అడిగాడు. ఆమె కట్టును ఇంకా గట్టిగా అదిమింది.

భద్రాచలం దవాఖానాలో గాయం కడిగి కుట్లేశారు. "తుప్పు లోపలికి పోయింది. చీము పట్టకుంటే చెయ్యి దక్కుతది" అన్నాడు డాక్టర్.

ఆనాటి నుంచి రోజూ కట్టు విప్పేటప్పుడు సకీనా దగ్గరికి వంగేది. ముందు వాసన చూసేది, తర్వాత ఎరుపు పాకిందేమోనని వెతికేది. ఒకరోజు అంచు నల్లబడ్డట్టనిపించి, కిటికీ దగ్గరికి లాక్కెళ్లి వెలుతుర్లో చూసింది. ఎండిన మందు.

ఆ భయమే కోపమై, జాలీ బుట్టలన్నీ పీకి గోడవతల పారేయబోయింది. మున్వర్ అడ్డుపడలేదు. గుమ్మంలో కూర్చుని, పందికొక్కులు కొరికి పడేసిన మొక్కల వైపే చూస్తున్నాడు. అన్నం ముందు పెట్టినా అంత ఆశగా చూడడు.

సకీనా బుట్టలు దించేసింది. దుకాణంలో మిగిలిన పంక్చరు ట్యూబుల గోనెసంచి ఈడ్చుకొచ్చింది. ఒక్కో ట్యూబునూ నిలువునా చీల్చి, జాలీ అంచు మీద మడిచి, సన్నటి రబ్బరు ముక్కలతో బిగించింది. వేళ్లకు తీగ గుచ్చుకున్నప్పుడల్లా "అబ్బా" అంటుంటే మున్వర్ ఉలిక్కిపడుతున్నాడు.

"నాకు నొప్పి తెలుస్తది, ఆగుత. మీకు తెల్వదు గద!" అని విసుక్కుంది.

గాయం చీము పట్టకుండానే మానింది. కుట్లు విప్పించుకొచ్చిన రోజు అతను తోటలో కూర్చుని ఎడమచేత్తో మొక్కల చుట్టూ బుట్టలు పాతాడు. సకీనా పొయ్యి మీద ఎసరు వదిలేసి పక్కనే కూర్చుని, ఒక్కొక్కటీ అందించింది.