గీకేసిన రెప్పలు

ఆపరేషన్ శుక్రవారం. ఆ రోజు బుధవారం.

డాక్టరమ్మ మోచేతులు బల్ల మీద ఆనించి ముసలాయన వైపు వంగింది. "ఒక్క సంగతి తేలాలండీ. మీ అమ్మాయి రెప్పలు వాలిపోతున్నాయి. ఇది తల్లి వైపు నుంచి వచ్చిందయితే ఛాతీ కొయ్యక్కర్లేదు. కాకపోతే లోపలి గ్రంథి తీసెయ్యాలి. మీ ఆవిడకి ఈ వయసులో ఇలా ఉండేదా?"

"ఆవిడకా?" ముసలాయన నవ్వాడు. "ఆ కళ్ళు చూడ్డానికే జనం మా ఫొటో స్టూడియో షోకేసు ముందు ఆగేవాళ్ళు." సంచిలోంచి ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు.

ఫొటోలో నలభై మూడేళ్ళ మనిషి. చేరడేసి కళ్ళు. ఎవరినీ లెక్కచెయ్యనట్టు కొంచెం ఎత్తిన గడ్డం.

పక్క కుర్చీలో కూతురు తల వెనక్కి వాల్చి, రెప్పల కింది సందులోంచి ఆ ఫొటో చూసింది. తల్లి పోయేనాటికి ఆమెకి ఎనిమిదేళ్ళు. ఆమెకి తెలిసిన అమ్మ ఈ ఫ్రేములోని అమ్మే. "అందమే రాలేదు, జబ్బెలా వస్తుందిలే నాన్నా," అంది.

"ఆ తరమే వేరమ్మా. ఇప్పుడు మొహాలెక్కడున్నాయి?"

డాక్టరమ్మ ఫొటో అటూ ఇటూ తిప్పింది. "స్టూడియోది కాకుండా, మామూలుగా తీసింది ఏదైనా ఉందా?"

"రేపు తెస్తాను."

స్టూడియోలో ఆయన్ని అందరూ పెన్సిల్ గారనేవారు. ముప్పై ఏళ్ళు ఆయన పని ఒక్కటే. ఫొటో అచ్చుకి వెళ్ళేముందు నెగెటివ్‌ని ఏటవాలు బల్ల మీద పెట్టి, కింద నుంచి వెలుగు పట్టి, సూదిమొనలా చెక్కిన పెన్సిల్‌తో ముడతలు పూడ్చడం, సగం బ్లేడుతో అక్కర్లేనిది గీకడం. మశూచి మచ్చలు మాయమయ్యేవి. మెల్లకన్ను సర్దుకునేది. "పెన్సిల్ గారి చేతిలో పడితే కాకి కూడా హంసే" అని ఓనరు గిరాకీల ముందు గొప్పలు పోయేవాడు. ఊళ్ళో గోడలకి వేలాడుతున్న తాతముత్తాతల్లో సగం మంది అలా అందగాళ్ళయినవాళ్ళే.

ఇంటికి రాగానే మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగాడు. మనవరాలు పక్కన కూర్చుని ఒక్కొక్క కవరూ అందించింది. మామూలుగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. బాగా రానివాటిని ఎప్పటికప్పుడు తనే చింపి పారేశాడు. మిగిలినవన్నీ తను దిద్దినవే. ఆఖరి కవర్లో ఆ ఫ్రేములో ఉన్న ఫొటో తాలూకు నెగెటివ్ ఉంది.

"ఇది అమ్మమ్మా? దయ్యంలా ఉంది తాతయ్యా."

"నెగెటివ్ కదే. నల్లది తెల్లగా, తెల్లది నల్లగా ఉంటుంది."

అలవాటు కొద్దీ కిటికీ దగ్గర దాన్ని ఓరగా తిప్పాడు. ఎండ పడి గీతలు మెరిశాయి. రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు పై సగం మీద నెలవంక ఆకారంలో పూత లేచిపోయి ఉంది. బ్లేడు పని; గీకిన చోట అచ్చులో నల్లగా పడుతుంది. కుడి నుంచి ఎడమకి పొట్టి పొట్టి గీతలు. తన సంతకమైనా పోల్చుకోలేడేమో గాని ఆ చెయ్యి ఎవరిదో ఆయనకి తెలుసు.

రెప్పలు గీకేశాడు. అంటే అక్కడ రెప్పలు ఉండేవి.

కళ్ళు మూసుకుని భార్య మొహం తలచుకున్నాడు. ఫ్రేములో మొహం వచ్చింది. వంటింట్లో తలచుకున్నాడు, బస్సులో తలచుకున్నాడు, జబ్బుపడి మంచం పట్టినప్పుడు తలచుకున్నాడు. అన్ని చోట్లా అదే మొహం. మరదలికి ఫోన్ చేశాడు.

"మీ అక్క కళ్ళు ఎలా ఉండేవి? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఇన్నేళ్ళకి గుర్తొచ్చాయా బావా? నలభై వచ్చేదాకా బాగానే ఉండేవి. ఆ తర్వాత వాలిపోయాయి. మనిషిని చూడాలంటే గడ్డం ఎత్తాల్సిందే. పొగరనుకున్నారు అందరూ. నిద్రమొహం, నిద్రమొహం అని నువ్వే కదా పేరు పెట్టింది."

"నేనా?"

"కాదు, మీ తాత. నలుగురిలో అలా పిలవద్దని నీకు చెప్పమని నన్ను బతిమాలింది. నేను చెప్పాను కూడా. తిండి దగ్గరా అంతే. ముద్ద దిగక గంటసేపు కూర్చునేది. దానికీ తిట్టేవాడివి."

ఫోన్ పెట్టేశాక నెగెటివ్‌ని మళ్ళీ కవర్లో పెట్టాడు. చెప్తే తల్లి మొహం ఏం చేశావని కూతురు అడుగుతుంది. చెప్పకపోతే ఎల్లుండి ఆమె ఛాతీ మీద కత్తి పడుతుంది.

గురువారం పొద్దున్నే, కూతురూ మనవరాలూ వెంట రాగా, ఎక్స్‌రేలు చూసే లైటు మీద నెగెటివ్ పెట్టి భూతద్దం డాక్టరమ్మ చేతికిచ్చాడు. "గీకినంత మేరా రెప్ప వాలినట్టే లెక్క. అవసరానికి మించి నేను వెంట్రుకవాసి కూడా గీకను."

ఆమె స్కేలు పెట్టి కొలిచింది. "మింగడానికి ఇబ్బంది పడేవారా?"

"పడేది." భూతద్దం వెనక్కి తీసుకున్నాడు. "వేషాలనుకున్నాను."

డాక్టరమ్మ వెంటనే ఫోనెత్తి శుక్రవారం ఆపరేషన్ ఆపించింది. "ముందు రక్తపరీక్ష చేయిద్దాం. అయినా నాకు దాదాపు ఖాయంగానే కనిపిస్తోంది. ఇది మీ ఇంట్లోదే."

కూతురు ఇంకా ఆ లైటు వైపే చూస్తోంది. "అసలు మొహం ఎక్కడుంది నాన్నా?"

"ఎక్కడా లేదమ్మా. గీకింది తిరిగిరాదు."

"ఎనిమిదేళ్ళప్పటి నుంచీ నన్ను ఈ మొహం పక్కన నిలబెట్టి కొలిచావు."

డాక్టరమ్మ మనవరాలి వైపు తిరిగింది. "ఇది నీదాకా వచ్చిందో లేదో తెలియాలంటే నువ్వు ఏడాదికొక ఫొటో దాచుకోమ్మా. ఉన్నది ఉన్నట్టుగా."

"ఈ ఫోన్ దానంతటదే కళ్ళు పెద్దవి చేసేస్తుందండీ," అంది ఆ పిల్ల, అటూ ఇటూ నొక్కి చూస్తూ. "ఎలా ఆపాలో నాకు తెలియట్లేదు."

"దాని కళ్ళు నువ్వే చూడు నాన్నా," అంది కూతురు. "ఎంత వాలితే ఎంత గీకాలో నీకు తెలుసుగా."

ఆయన మనవరాల్ని కిటికీ వైపు తిప్పి, గడ్డం కింద వేలు పెట్టి, భూతద్దం ఎత్తాడు. నల్లగుడ్డు మీద రెప్ప ఎక్కడ ఆగిందో చూశాడు. బాగానే ఉన్నట్టుంది. మళ్ళీ చూశాడు. ఉన్నది చూస్తున్నాడో, ఉండాలనుకున్నది చూస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

"ఎలా ఉన్నాయి తాతయ్యా?"

"కదలకు," అన్నాడు. భూతద్దం మాత్రం దించలేదు.