ఐదువేల గంటల మెలకువ

లాప్‌టాప్ తెర మీద పోలేరయ్య పడవ నడుపుతూ, ఒడ్డు వైపు చెయ్యి చాపి మాట్లాడుతున్నాడు. "ఆ టవరు జూడు. దాని ముందరికి పొడుగు తాటిచెట్టు వచ్చిందా..." అన్నాడు. అంతే. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. కాసేపటికి తెర నల్లబడి, తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు వచ్చాయి.

"మళ్లా పోయింది," అంది ఉష.

ఆదెయ్య తలతిప్పి మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్న అన్న వైపు చూశాడు. తెర మీద మాట్లాడిన పోలేరయ్యే ఆయన. మాఘమాసంలో పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయనకు మాట లేదు; తమ్ముడింట్లోనే ఉంటున్నాడు.

అన్నదమ్ములిద్దరూ నలభై ఏళ్లు ఒకే పడవలో వేటకు పోయినవాళ్లు. అన్న చుక్కాని దగ్గర, తమ్ముడు వల దగ్గర. వల వేసేవాడి చూపు నీళ్ల మీద ఉండాలి, చుక్కాని పట్టినవాడి చూపు ఒడ్డు మీద ఉండాలి. ఒడ్డున ఉన్న రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వచ్చి కలిశాయంటే, అక్కడ నీటి అడుగున రాళ్లున్నాయని లెక్క. వల వేస్తే చిరిగి పేలికలవుతుంది. అలాంటి చోట్లు నలభై ఒకటి పోలేరయ్య తలలో ఉన్నాయి. ఆదెయ్యకు నాలుగో ఐదో తెలుసు, అవీ సగం సగం. ఎన్నడూ అడిగే పని పడలేదు. అన్న ఉన్నాడు కదా.

పోయిన దీపావళికి ముందు పోలేరయ్య కూతురు ఉష తండ్రితో పడవెక్కి, ఆ గుర్తులన్నిటినీ ఒక్కొక్కటిగా వీడియో తీసింది. నెల్లూరులో పాత లాప్‌టాప్ కొని, కొత్త డిస్కు వేయించి అందులో పెట్టింది. ఫోనులో చోటు చాలక అక్కడివి తీసేసింది. పాలెంలో ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని దాన్ని చిన్నాయన ఇంట్లో ఉంచి, తన ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఇప్పుడు వేట నిషేధం తీరడానికి పదిరోజులుంది. తీరగానే పడవలన్నీ ఆ రాళ్ల మీదుగానే పోవాలి.

పోయిన వారం నుంచే ఈ జబ్బు. సెలవు పెట్టి వచ్చిన ఉష, కాపీ తీసుకుందామని పెన్‌డ్రైవ్ పెట్టింది. ఏడు వీడియోలు వచ్చాయి. ఎనిమిదోది సగంలో ఉండగా లోపలి డిస్కు మాయమైంది. ఆపి మళ్లీ వేస్తే కనిపిస్తుంది, పెద్ద ఫైలు ముట్టుకుంటే మళ్లీ మాయం. ఇక దాన్ని కదిలించకుండా, ఫోనులో గంటసేపు ఏవేవో చదివి తలెత్తింది.

"చిన్నాయనా, దీన్ని రోజూ ఆపుతుండావా?"

"లేదు."

"ఎన్నాళ్లకొకసారి?"

"ఆపలా."

"అసలు ఆపనే లేదా?"

"నువ్వు ఆన్ జేసి పోయినావు. అట్నే ఉండాది."

వంటింట్లోంచి ఆదెయ్య భార్య కామమ్మ అందుకుంది. "నేను జెప్తానే ఉండా పాపా. పైన తువ్వాల గప్పి మరీ కాపలా గాసినాడు. నేను జొరమొచ్చి పడుకుంటే దుప్పటి గప్పినోడు గాదు మీ చిన్నాయన."

"ఒడ్డు జేరిందాకా ఇంజను ఆపగూడదు," అన్నాడు ఆదెయ్య.

పాత డీజిల్ ఇంజనుతో బతికినవాడి మాట అది. అలల్లో ఆపిన ఇంజను మళ్లీ పట్టుకుంటుందని ఎవరు చెప్పగలరు? లాప్‌టాప్ లోపలి బ్యాటరీ ఎప్పుడో ఉబ్బి పాడైపోయినా, కరెంటు పోయి వచ్చిన మరుక్షణమే మళ్లీ వేస్తూ, ప్లగ్గు మీదే దాన్ని నడిపిస్తూ వచ్చాడు.

ఉషకు కోపం రాలేదు. నెమ్మదిగా చెప్పింది. "డిస్కు లోపల దాని సొంత ప్రోగ్రామ్ ఒకటుంటది చిన్నాయనా. ఫర్మ్‌వేర్ అంటారు. యాడ ఏం దాచిందో గుర్తు పెట్టుకునేది అదే. పుట్టినకాడ్నించి ఎన్ని గంటలు మేలుకోనుండాదో కూడా లెక్క పెట్టుకుంటది. ఐదువేల గంటలు దాటితే ఈ రకం డిస్కు తడబడుతుందంట. చేసినోళ్లే తప్పు ఒప్పుకోని కొత్త ప్రోగ్రామ్ ఇచ్చినారు."

ఏదో టైపు చేసి ఒక అంకె చూపించింది. ఆదెయ్య చదివింది మూడో తరగతే అయినా అంకెలు తెలుసు. ఐదువేల రెండొందల పదిహేడు. అరచేతిలో సగం లేని ముక్క, తను పడుకున్న రాత్రులు కూడా వదలకుండా గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుందా?

"విప్పాల్నా?"

"ఒక్క స్క్రూ కూడా తియ్యం. ఆ కొత్త ప్రోగ్రామ్ ఈడ్నించి పంపిస్తే డిస్కు నేర్చుకుంటది. కానీ మధ్యలో కరెంటు పోయిందంటే ఇంక లేవదు. నాయన వీడియోలు కూడా పోతాయి."

రొయ్యల గుంటల మీద, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వేసే వేళయింది. అవి తిరగడం మొదలైతే పాలెంలో కరెంటు నిలకడగా ఉండదు. ఆదెయ్య లేచి బయటికి పోయాడు. అరగంట తరువాత పడవ బ్యాటరీని భుజానికెత్తుకుని, లైట్లకు వాడే చిన్న ఇన్వర్టర్‌ను చేత్తో పట్టుకుని వచ్చాడు.

"నీళ్ల బిందె తెమ్మంటే నడుం నొప్పి," అంది కామమ్మ.

ఆయన వైర్లు బిగించి, రెండుసార్లు లాగి చూసి, ఉషకు తలూపాడు.

ఆ లాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్. డిస్కు చేసినవాళ్లు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ దానిమీద పనిచేయదు. ఫర్మ్‌వేర్ ఫైలు ఒక్కటే తీసుకుని, చేత్తో కమాండ్లు కొట్టి పంపాలి. ఉష ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఉన్న లైనక్స్‌తో లాప్‌టాప్‌ను లేపింది. అలా చేస్తే లోపలి డిస్కు మీద ఏ పనీ పడదట.

"ఇంట్లోవాళ్లని బయట కూచోబెట్టి ఇల్లు బాగుజేస్తుండావు," అన్నాడు ఆదెయ్య.

"అట్నే చిన్నాయనా."

డిస్కు పేరు పక్కన ఫర్మ్‌వేర్ నంబరు చూపించింది. చివర రెండు. ఒక కమాండ్ కొట్టింది. కొత్త ప్రోగ్రామ్ డిస్కులోకి వెళ్లింది. ఇంకొకటి కొట్టింది. ఇకమీదట దీని ప్రకారమే నడుచుకోమని దానికి చెప్పడం అది. రెండూ కలిపి నిమిషం పట్టలేదు.

"అయిపోయిందా?"

"ఇంకా లేదు. ఇప్పుడు పూర్తిగా ఆపాల. మళ్లా వేస్తేనే కొత్తది పట్టుకుంటది."

ఆదెయ్య చెయ్యి వైరు మీద ఆగిపోయింది. "లేవకపోతే?"

"నాకూ భయంగానే ఉండాది," అంది ఉష.

ఇద్దరూ పోలేరయ్యను చూశారు. ఆయన చాలాసేపు తెరకేసి చూసి, బాగున్న చేతిని దుప్పటి మీద నుంచి కొద్దిగా పైకెత్తి దించాడు. లంగరు దించమనేటప్పుడు ఆయన చేసే సైగ అది.

ఉష ఆపింది. ఆదెయ్య వైరు లాగాడు. ఏడు నెలలుగా ఆ ఇంట్లో అలవాటైపోయిన సన్నటి ఫ్యాను రొద ఆగింది. దాని కింద ఇన్నాళ్లూ సముద్రం హోరు వినిపిస్తూనే ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది. కామమ్మ కూడా గరిటె పట్టుకుని గడపలోకి వచ్చి నిలబడింది.

పది లెక్కపెట్టి ఉష తలూపింది. ఆయన వైరు పెట్టాడు. నల్లటి తెర మీద అక్షరాలు పాకుతూ దిగాయి. ఆమె ఏదో కొట్టి, తెరను ఆయన వైపు తిప్పింది. డిస్కు ఉంది. నంబరు చివర అయిదు.

ఆదెయ్య ముందుకు వంగి ఆ అంకెను వేలితో తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లాప్‌టాప్ అదే. బల్ల మీద అదే చోట ఉంది. ఒక మూత తీయలేదు, ఒక చుక్క నూనె వేయలేదు. అయినా కంటికి కనపడని ఏదో ఒకటి లోపలికి పోయి, దారి తప్పినదానికి దారి చెప్పి వచ్చింది. నలభై ఏళ్లు సముద్రం మీద ఎన్నో చూశాడు గానీ, ఇంత చప్పుడు లేకుండా ఇంత పెద్ద పని జరగడం చూడలేదు.

"కాపీ పెట్టు," అన్నాడు.

ఎనిమిదోది వచ్చింది. తొమ్మిదోది వచ్చింది. ముప్పై దాటినా డిస్కు మాయం కాలేదు. నలభై ఒకటోది కూడా వచ్చాక ఉష కళ్లు తుడుచుకుని, కాపీ సరిగా ఉందో లేదో చూడడానికి మధ్యలోది ఒకటి తెరిచింది.

"మునిగిన పడవ కాడికి పొయ్యేది ఎట్నో చెప్తా," అంది పోలేరయ్య గొంతు, గాలి హోరులోంచి.

ఆదెయ్య తెర చూడడం మరిచిపోయాడు. మంచం మీద అన్న పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు. కానీ ప్రతి మాటా ఆ పెదవుల మీద ముందు పుట్టి, ఒక్క క్షణం తరువాత లాప్‌టాప్‌లోంచి వినిపిస్తోంది.