మూడో వరసలో అలిమేలమ్మ

తిరువళ్ళూరు స్టేషను దాటి రెండు వీధులు నడిస్తే వచ్చే చిన్న లైబ్రరీని సుమతి రోజూ పొద్దున ఎనిమిదింటికి తెరిచేది. పేపర్లు బల్ల మీద పరిచి ఫ్యాన్లు వేసేది. నడిచి వచ్చేవాళ్ళు పదిమందిలోపే. మిగతావాళ్ళంతా ఇంటి దగ్గర ఫోన్లలో చదివేవాళ్ళు. వాళ్ళెవరైనా లైబ్రరీ వెబ్‌సైటులో పుస్తకం తెరిస్తే, ఇక్కడ ఒక కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగేది. కంటికి ఎవరూ కనబడకపోయినా దాని వైరు అల్లిక మనిషి బరువుకి కిందికి దిగేది. పుస్తకం మూస్తే కుర్చీ మళ్ళీ బల్ల కిందికి పోయేది. పేపరు చదివే ముసలాళ్ళు ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు కాదు. ఊడ్చే తులసమ్మ "రవంత కాళ్ళు ఎత్తండమ్మా" అని వాటికి చెప్పి చీపురు పోనిచ్చేది.

మూడో వరసలో కిటికీ పక్క కుర్చీ అలిమేలమ్మది. ఆమెది కడంబత్తూరు. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కూర్చుని మోకాళ్ళు పోయాయి. రోజూ పదిన్నరకి ఆ కుర్చీ జరిగేది. సుమతి ఆమె మొహం ఎప్పుడూ చూడలేదు. అయినా అక్కడ ఎండ పడితే లేచి వెళ్ళి కిటికీ రెక్క మూసేది.

ఒక మంగళవారం పై ఆఫీసు నుంచి శశికుమార్ వచ్చాడు. లైబ్రరీ ఉంచాలో మూయాలో తేల్చేది అతని రిపోర్టే.

"రోజుకి అరవై మంది అని రాసినారు. సంతకాలు తొమ్మిదే కదా మేడం" అన్నాడు రిజిస్టరు తిప్పుతూ.

"హాల్లో చూడండి సార్. ఎంతమంది కూచోనుండారో."

శశికుమార్ చూశాడు. దారిలో ఉన్న కుర్చీకి తగలకుండా పక్కకి తప్పుకున్నాడు కూడా. "ఉండారు, కాదనలేదు. కానీ వాళ్ళు ఆన్‌లైను. బిల్డింగు లెక్కలోకి రారు. పన్నెండింటికి రిపోర్టు పంపల్ల. మీరు చెప్పుకునేది ఏమన్నా ఉంటే ఇప్పుడే రాసియ్యండి."

సుమతి పెన్ను తీసింది. రెండు వాక్యాలు రాసిందో లేదో, మూడో వరసలో కుర్చీ దబ్బుమని పక్కకి పడిపోయింది.

తులసమ్మ పరుగున పోయి లేపబోయింది. కదల్లేదు. "సుమతక్కా, బరువుగా ఉండాది. ఆయమ్మ ఇంకా ఇందులోనే ఉండాది."

సుమతి మెంబర్ ఫారం తీసి ఫోన్ చేసింది. రింగు పోతోందిగానీ ఎత్తేవాళ్ళు లేరు. అంబులెన్సుకి అడ్రసు చెప్పి బ్యాగు అందుకుంది.

"యాడికి మేడం? రాయకుండా పోతే నేనేం చెయ్యలేను."

"నా హాల్లో మనిషి పడిపోయింది సార్."

"ఆమె ఉండేది కడంబత్తూరులో!"

"చదవతా ఉండింది ఇక్కడ."

సుమతి ఎక్కిన ఆటో, అంబులెన్సు ఒకేసారి అలిమేలమ్మ వీధికి చేరాయి. పక్కింటి ఎలుమలై తలుపు గడియ విరగ్గొట్టాడు. అలిమేలమ్మ మగ్గం పక్కన నేల మీద ఉంది. నోరు ఒక పక్కకి పోయింది. చేతి దగ్గర ఫోనులో పేజీ ఇంకా వెలుగుతోంది. కూతురు లక్ష్మీప్రియ తిరుత్తణిలో బట్టల షాపులో పని ముగించుకుని వచ్చేది సాయంత్రమే. అందాకా అట్లే ఉంటే దక్కేది కాదన్నాడు డాక్టరు.

ఒకటో తేదీన లైబ్రరీ మూశారు. కుర్చీలు లారీలో పోయాయి. ఆన్‌లైను సేవలు యథావిధిగా నడుస్తాయని తలుపుకి కాగితం అంటించారు. తాళం వేసిన హాల్లోంచి, కూర్చునే చోటు లేక నిలబడినవాళ్ళ దగ్గులు, నిట్టూర్పులు వీధిలోకి వినబడేవి. సుమతిని వేరే ఆఫీసులో ఫైళ్ళ గదికి వేశారు.

ఆ ఆదివారం ఆమె కడంబత్తూరు వెళ్ళింది. అలిమేలమ్మకి కుడి చెయ్యి లేవదు, పందొమ్మిది రోజులుగా మాట లేదు. లక్ష్మీప్రియ చదివింది తమిళమే, తెలుగు అక్షరాలు రావు. సుమతికీ అంతంతమాత్రమే. అయినా మంచం పక్కన కూర్చుని, అలిమేలమ్మ ఫోనులో తెలుగు పుస్తకం ఆగిన పేజీ తెరిచి, కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది.

"ఆమె జడలో... వ... వల్లె..."

అలిమేలమ్మ పెదవులు కదిలాయి. చాలాసేపు పట్టింది.

"మల్లె" అంది.

వంటింట్లో గిన్నె తోముతున్న లక్ష్మీప్రియ చెయ్యి ఆగిపోయింది. సుమతి ఆ మాట దిద్దుకుని ముందుకెళ్ళింది. తరవాతి మాట కూడా తప్పే చదివింది, కావాలని కాదు.