నిన్నటి రాయి

నేను ఒక వెదురు కావడి బద్దను. అరకాను కొండల్లో పెరిగిన నన్ను గురువులు అనే కూలీ నరికి, చీల్చి, నిప్పు సెగకు కాచి వంచాడు. పదకొండేళ్ళు అక్యాబు పట్నంలో ఇంటింటికీ నీళ్ళు మోశాం. మోసింది గురువులు భుజం కదా అంటారేమో, వంగి చచ్చింది నేను. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చిన ఆ మనిషికి ఒక్కటే విద్య తెలుసు: రెండు పక్కలా బరువు సమంగా ఉంటే ఎంత దూరమైనా నడవచ్చు.

జపాను సైన్యం ఊరు పట్టుకున్నాక మగవాళ్ళను దొరికినవాళ్ళను దొరికినట్టు రోడ్డు పనికి తోలారు. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. గురువులు నీళ్ళ డబ్బాలు విప్పేసి, నా ఒక కొసన బియ్యం మూట, రెండో కొసన గంపలో నాలుగేళ్ళ కూతురు పోలిని పెట్టుకుని, పెళ్ళాం పైడమ్మతో ఉత్తరానికి బయలుదేరాడు. నాఫ్ నది దాటితే ఇంగ్లీషువాళ్ళ శిబిరంలో గంజి పోస్తారని విన్నారు. పోలిని అక్కడికి చేర్చాలి, అంతే.

మూడో రోజు సిపాయిలు దారి కాసి బియ్యం మూట దించుకున్నారు. పిల్లను మాత్రం వదిలేశారు, ఎంత దయ! గురువులు ఏటి ఒడ్డున ఒక రాయి ఏరి, మూట ఉన్నచోట కట్టాడు. కడుపు మాడుతూ రాయి మోస్తాడేమిటని దారిలో జనం నవ్వారు. నాకు సబబుగానే తోచింది. సిగ్గు లేదు నాకు.

ఆ రాత్రే పోలికి విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాడు నేను రాయి వైపు ఒరిగాను. గురువులు కాస్త చిన్న రాయి వెతికి కట్టాడు. ఆ మర్నాడు ఇంకా చిన్నది. పిల్ల ఎలా ఉందని గంపలోకి చూడలేదు. భుజం చెబుతూనే ఉంది మరి.

ఆరో పొద్దున రాయి కోసం వంగితే పైడమ్మ చెయ్యి పట్టుకుంది.

"నిన్నటి రాయే ఎట్టు మావా."

"ఒరిగిపోతాదే."

"ఒరగదు. నా పిల్ల తగ్గనేదు."

నిన్నటి రాయే కట్టాడు. నేను ఒరిగాను. గంప వైపు కొసను చేత్తో అదిమి పట్టుకుని నడిచాడు. పైడమ్మ ముందు నడిచింది, వెనక్కి తిరగలేదు.

నది కనబడే వేళకు పోలి పోయింది. నా కొసతోనే ఇసుకలో గొయ్యి తవ్వాడు, రెండు జానల లోతుకు మించి చేతకాలేదు. నక్కలు తోడకుండా పైన పెట్టమని పైడమ్మ రాయి విప్పి ఇచ్చింది. పెట్టి, కాసేపు చూశాడు.

"సాలదే," అన్నాడు. "మొదటి రాయైతే సరిపోయుండును."

అది రెండు రోజుల దారి వెనక పడి ఉంది. మిగిలింది నేనే కనుక నన్ను గొయ్యి మీద అడ్డంగా వేసి, ఇద్దరూ రేవు వైపు వెళ్ళిపోయారు. ఎండు వెదురుకు బరువెంత ఉంటుంది? ఆ సాయంకాలమే నక్కలు వచ్చాయి.