ప్రహ్లాద్ సారు ఐదు నిమిషాలు

ప్రహ్లాద్ సారు నాంపల్లిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. జవాబు సరిగ్గా ఉన్నా పక్కన కిలోలో గ్రాములో రాయకపోతే అర మార్కు కోసేవాడు. అలా కోసినవన్నీ పోగేస్తే ఇంకో నలుగురు పిల్లలు పాసయ్యేవారని భార్య శశికళ అంటుంది.

ఆ మంగళవారం ఆయన మీద పెద్ద బాధ్యత పడింది. కూతురు మనస్విని ఏడాదిపాటు స్టేషన్ కూలీల వెంట కెమెరా పట్టుకుని తిరిగి ఒక సినిమా తీసింది. దాన్ని సాయంత్రం ఐదింటిలోపు సినిమా కాలేజీ వెబ్‌సైటుకు పంపితేనే సీటుకు పోటీ. దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. ఫైలు కంప్యూటర్‌లో ఇంకా తయారవుతుండగానే ఆమె డిగ్రీ పరీక్షకు కోఠి వెళ్లాల్సి వచ్చింది. హాల్లోకి ఫోను తీసుకుపోనివ్వరు. తయారు కాగానే పంపమని తండ్రికి మూడుసార్లు చెప్పి వెళ్లింది.

మూడూ అయిదుకు ఫైలు సిద్ధమైంది. పన్నెండు జీబీ. ప్రహ్లాద్ సారు మౌసు మీద చేయి వేసి, గోడమీది క్యాలెండరు చూసి, చేయి తీసేశాడు. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. నాంపల్లిలోని ఆ ఇంట్లో రాహుకాలంలో గ్యాస్ సిలిండరు కూడా మార్చరు.

ఆయన కంగారు పడలేదు. క్యాలెండరు అంచున పెన్సిలుతో లెక్క వేశాడు. పన్నెండు జీబీ అంటే పన్నెండు వేల ఎంబీ. ఇంట్లో ఇంటర్నెట్టు వేగం సెకనుకు నలభై. భాగిస్తే మూడు వందల సెకన్లు, అంటే ఐదు నిమిషాలు. నాలుగున్నర దాటాక మొదలుపెట్టినా చాయ్ తాగే టైము మిగులుతుంది.

"నలభై ఏందండి?" అంది శశికళ.

"మెగా."

"మెగా సరే. ఏం మెగా?"

బీఎస్సీ చదివి పాతికేళ్లుగా వంటింట్లో ఉన్న మనిషికి ఇప్పుడు పాఠం చెప్పే ఓపిక లేదన్నట్టు ఆయన చేయి ఊపి, వరండాలో కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నాడు. ఆమె రెట్టించలేదు. కంప్యూటర్ బల్ల దగ్గర కాసేపు ఏదో సర్దింది. జాకెట్టు లైనింగు కొనుక్కొని, ఫొటో స్టూడియోలో ఉన్న తమ్ముడు హర్షను కూడా చూసి వస్తానని గొడుగు తీసుకుని అబిడ్స్ బయల్దేరింది.

నాలుగూ ముప్పై ఒకటికి ప్రహ్లాద్ సారు దండం పెట్టుకుని బటన్ నొక్కాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఇంకా నలభై నిమిషాలు.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. సెకనుకు ఐదు ఎంబీ చొప్పున పోతోంది. క్యాలెండరు మీద లెక్క మళ్లీ చేశాడు. మళ్లీ ఐదు నిమిషాలే వచ్చింది. నలభై నిమిషాలంటే ఐదూ పదకొండు. పదకొండు నిమిషాలు చాలక ఏడాది పోతోంది. పిల్ల గుమ్మంలోకి వచ్చి మొదట అడిగేది ఏమిటో ఆయనకు ఇప్పుడే వినిపిస్తోంది.

అదే సమయానికి శశికళ గొడుగు మడుస్తూ లోపలికి వచ్చింది. చేతిలో లైనింగు లేదు, ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఉంది. ఆమె నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు. లెక్క తప్పిందన్నాడు. ఎక్కడ తప్పిందో తెలియడం లేదన్నాడు. బిడ్డ గొంతు కోశానన్నాడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన నోట ఇలాంటి మాటలు వినడం అదే మొదలు కాబట్టి ఆమె అడ్డం రాకుండా చివరిదాకా విన్నది.

తర్వాత అంది, "కంపెనీవాళ్లు చెప్పే నలభై బిట్లల్ల. ఫైలు బైట్లల్ల. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. నలభైని ఎనిమిదితో భాగిస్తే ఐదే."

ప్రహ్లాద్ సారు కుర్చీలో కూలబడ్డాడు. కిలోలను గ్రాములతో భాగించిన పిల్లలను ఆయన ఎండలో నిలబెట్టేవాడు.

"గిప్పుడు చెప్తే ఏం లాభం, శశీ?"

ఆమె తెర పైభాగాన వేలు పెట్టింది. అక్కడ పచ్చటి అక్షరాల్లో ఒక వరుస, బటన్ నొక్కే తొందరలో ఆయన చదవనిది. మనస్విని సినిమా అందింది, సమయం మూడూ యాభై ఎనిమిది.

"పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకొని, పిల్ల రాసిపెట్టిన పాస్‌వర్డు పట్టుకొని పోయిన. హర్ష స్టూడియోల లైను రెండు వందలు. అంటే సెకనుకు ఇరవై ఐదు మెగాబైట్ల లెక్క. ఎనిమిది నిమిషాలల్ల పోయింది."

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. సగం పీల్చి ఆగిపోయాడు. మూడూ యాభై ఎనిమిది.

"రాహుకాలంలనా?"

"మీరు నాంపల్లిల పాటించిన్రు గదా," అంది శశికళ, "నేను అబిడ్స్ పోయిన."

ఆయన తాను మొదలుపెట్టిన అప్‌లోడును ఆపలేదు. సరిగ్గా ఐదింటికి డెబ్బై రెండు శాతం దగ్గర పేజీ మూసుకుపోయేదాకా రెప్ప వేయకుండా చూశాడు. తర్వాత లేచి వెళ్లి, క్యాలెండరు మీద తన లెక్క పక్కన పెన్సిలుతో సున్నా చుట్టాడు. అర మార్కు కూడా వేసుకోలేదు.